వదిన సుద్దముక్క

"ముప్పయ్యారేళ్ళొచ్చాయి నీకు. గుర్తుందా?"

"నాకు గుర్తుంది. నా పుట్టినరోజు గుర్తుండనిది మీకే."

"మాట మార్చకు. పిల్ల ఏడో తరగతి, తల్లి మొదటి సంవత్సరం. ఇద్దరూ పొద్దున్నే సంచులు తగిలించుకుని బయల్దేరతారు. నేను టిఫిన్ బాక్సులు సర్దుతూ కూర్చోవాలి. అంతేగా?"

"సర్దండి. పదమూడేళ్ళు నేను సర్దలేదా? చేతులేమన్నా అరిగిపోయాయా?"

నాలుగు వందల కుర్చీల హాలు, రెండు పెద్ద స్పీకర్లు. ఆ స్పీకర్లలోంచి వినబడుతున్నది మా అన్నయ్య సంసారం.

ఆ రోజు ఒక కంపెనీ వాళ్ళ వార్షిక సమావేశం. మైకు సెట్టు మాది. జనం రావడానికి ఇంకా రెండు గంటలుంది. కాలర్ మైకులో బ్యాటరీ ఉందో లేదో చూద్దామని అన్నయ్య దాన్ని తన చొక్కాకే తగిలించుకుని "హలో, ఒకటి, రెండు" అన్నాడు. ఇంతలో స్టేజీ వెనక గదిలోంచి వదిన పిలిచింది. మైకు సంగతి మర్చిపోయి అలాగే వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా మైకులు అద్దెకిచ్చే మనిషి చేసిన పని అది. మైకు ఆయన గుండెల మీదే ఉంది కాబట్టి ఆయన గొంతు మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. వదిన గొంతు మాత్రం దూరంగా వినిపిస్తోంది. ఆవిడ కోపంతో దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ముందు వరస కుర్చీలు అదురుతున్నాయి.

మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సరు నాకు పది అడుగుల్లో ఉంది. కట్టెయ్యొచ్చు. కట్టెయ్యలేదు. వారం రోజులుగా ఇద్దరూ తలుపు వేసుకుని గుసగుసలాడుతున్నారు. విషయమేంటో నాకూ తెలియాలిగా.

"సౌండు చదువుతావు, సరే. చదివి ఏం చేస్తావ్? సినిమా పాటలు రికార్డు చేస్తావా?"

"నాకు పాటలెందుకు? హాలు కట్టేశాక మనల్ని పిలుస్తారు. లోపల మాట గోడలకి కొట్టుకుని ముద్దయిపోతుంటే మనం స్పీకర్లు అటూ ఇటూ తిప్పుకుంటూ తంటాలు పడతాం. కట్టకముందే పిలిచే మనిషి ఒకరుంటారు. స్పీకరు ఎక్కడ పెట్టాలి, గోడకి ఏం కొట్టాలి, అన్నీ ముందే చెబుతారు. ఆస్పత్రులకి కావాలి, క్లాసు రూములకి కావాలి, కోర్టులకి కావాలి. నేను ఆ మనిషిని అవుతా."

"అయ్యావులే! మా తమ్ముణ్ణి చూశావుగా. కాలేజీకి వెళ్ళి ఏం ఉద్ధరించాడు?"

కుర్చీలు సర్దుతున్న వాళ్ళంతా పని ఆపి నా వైపు చూశారు. నేను మూడో సెమిస్టరులో కాలేజీ మానేశాను. ఎందుకని అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పాను. అసలు కారణం ఒకటే, కూర్చోలేకపోయాను.

"వాడికి కూర్చోబుద్ధి కాలేదు. నాకు కూర్చోవాలనుంది. పదమూడేళ్ళ నుంచీ నడుస్తూనే ఉన్నా." వదిన గొంతు దగ్గరికొచ్చింది. "ఇదేంటి, మీ చొక్కాకి?"

గర్రుమని ఒక చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఇద్దరూ బయటికొచ్చారు. అన్నయ్య మొహం చూడాలి. కుర్చీల మేస్త్రీ కుడివైపు చివర నిలబడి, "పంపించెయ్యండి సార్, చదువుకేగా" అన్నాడు. వాచ్‌మన్ అయితే చేతులు జోడించాడు. ఇంకెవరైనా అయితే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. మా వదిన హాలంతా కలయజూసి, "వెనక వరసకి వినబడిందా?" అంది.

"ప్రతి ముక్కా వినబడింది మేడం," అన్నాడు వాచ్‌మన్ వెనకనుంచి.

"కుడివైపు చివరికి?"

"ఇక్కడా బ్రహ్మాండంగా వినబడిందమ్మా," అన్నాడు కుర్చీల మేస్త్రీ.

"ఆ మూల వినబడదే. గొడవ కాబట్టి చెవులు రిక్కించి ఉంటావు," అంది వదిన. వెళ్ళి అతను నిలబడిన చోట నేల మీద సుద్దముక్కతో ఒక ఇంటూ మార్కు పెట్టింది.

ఆ మార్కు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

*

ఊళ్ళో హాళ్ళ వాచ్‌మన్లందరికీ మా వదిన "సుద్దముక్క మేడం". ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి అన్నయ్య దగ్గర రెండు కోన్ స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, బోలెడంత నోరు ఉండేవి. స్టేజీ మీది పెద్దమనిషికి తన గొంతు తనకి గట్టిగా వినబడితే చాలు, పని అదిరిపోయిందనేవాడు. వెనక కూర్చున్నవాళ్ళకి ఏం వినబడుతోందో ఆయనకి పట్టేది కాదు. అద్దె ఇచ్చేవాళ్ళు ముందు వరసలోనే కూర్చుంటారు మరి.

వదిన వచ్చిన కొత్తలో ఒక ఆఫీసులో గుమాస్తాకి రిటైర్మెంటు సభ పెట్టారు. వదిన వెనక వరసలో కూర్చుంది. పక్కన ఒక ముసలావిడ, ప్రతి మాటకీ "ఏమంటున్నారమ్మా?" అని అడుగుతోంది. రిటైరవుతున్నది ఆవిడ కొడుకు. వదిన గంటన్నరసేపు ఒక్కొక్క వాక్యాన్నీ ఆవిడ చెవిలో మళ్ళీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో గొడవైంది.

"ముప్పై ఏళ్ళకి ఒక్కసారి ఆవిడ కొడుకుని నలుగురిలో పొగిడారు. అది కూడా ఆవిడకి వినబడలేదు. ఇంకెందుకు వెళ్ళినట్టు మనం?"

"నేనేం చెయ్యను? హాలు అలాంటిది."

"హాలు అలాంటిదైతే మరి మనం ఎలాంటివాళ్ళం?"

తర్వాతి సభ నుంచి వదిన నడక మొదలైంది. ఒకరు మైకులో దినపత్రిక చదవాలి. ఆవిడ వరస వరసకీ తిరుగుతుంది, తల కొంచెం వంచి, నేల చూసుకుంటూ. మాట ఎక్కడ ముద్దయితే అక్కడ సుద్దతో మార్కు. ఆ మార్కులు చూసుకుని స్పీకర్లు తిప్పుతుంది, ఎత్తుతుంది, కిందికి వంచుతుంది. ఇంటికొచ్చాక పిల్ల స్కేలు తీసుకుని హాలు బొమ్మ నోటుబుక్కులో గీసి, మార్కులు పెట్టి, తేదీ వేస్తుంది. అరవై ఒక్క హాళ్ళయ్యాయి. మూడేళ్ళ నుంచీ పేపరు చదివేది నేనే. వ్యాను నడిపేదీ నేనే. సిమెంటు ధర ఎప్పుడు పెరిగిందో, ఎక్కడ వంతెన ఆగిపోయిందో నన్నడగండి, చెబుతాను.

సభ జరుగుతున్నంతసేపూ మిక్సరు దగ్గర కూర్చునేదీ వదినే. ఆ టేబులు ఎప్పుడూ స్టేజీకి కుడి చివర, స్పీకరు పక్కనే ఉంటుంది. మా దగ్గరున్న వైరు అంతవరకే వస్తుంది. పొడుగు వైరు కొందామని వదిన రెండు మూడుసార్లు అంది. ఉన్నది సరిపోతోందిగా అన్నాడు అన్నయ్య.

*

నలుగురూ విన్నాక ఇక అన్నయ్య వద్దనలేకపోయాడు. "చూసి రండి. చూసినంత మాత్రాన చేరిపోయినట్టు కాదుగా," అన్నాడు. తోడు నన్ను పొమ్మన్నాడు. "కాలేజీ ఎలా ఉండకూడదో వీడికి బాగా తెలుసు" అని కూడా అన్నాడు.

అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఒకడేమో చదవరా నాయనా అంటే పారిపోయొచ్చాడు. ఇదేమో వద్దంటే చదువుతానంటోంది. ఈ ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టు ఎవరికీ ఎక్కదు."

మొదట వెళ్ళింది ఒక ప్రైవేటు ఆడియో అకాడెమీకి. ఏడాది కోర్సు. అద్దాల తలుపులు, నల్ల సోఫాలు, గోడ నిండా నవ్వుతున్న కుర్రాళ్ళ ఫొటోలు. అడ్మిషన్లు చూసే అబ్బాయి మంచి నీళ్ళిచ్చి, "మీ అబ్బాయికా మేడం?" అని నన్ను చూశాడు.

"వీడు నా మరిది. చదువు నాకు."

అబ్బాయి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ సర్దుకున్నాడు. స్టూడియోలు, సినిమాలు, పాటల మిక్సింగు, ఉద్యోగానికి సాయం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వదిన గోడ మీది ఫొటోలు చూపించి, "వీళ్ళలో ముగ్గురి ఫోన్ నంబర్లిస్తారా? ఇప్పుడేం చేస్తున్నారో అడుగుతాను," అంది. అలా ఇవ్వకూడదని రూలుందన్నాడు అబ్బాయి.

తర్వాత స్టూడియో చూపించారు. మిక్సరు మా వ్యానంత ఉంది. వదిన దాన్ని చూడలేదు, నేరుగా వైర్లున్న అలమర దగ్గరికి వెళ్ళింది. "ఏం బాబూ, కంపెనీ నుంచి వచ్చినప్పుడు కట్టిన తాళ్ళు ఇంకా వీటికి అలాగే ఉన్నాయేంటి?" అని అడిగింది. అబ్బాయి నవ్వేసి అలమర తలుపు మూశాడు.

వాళ్ళని తిట్టాలని రాయడం లేదు. అక్కడ చదువుతున్న ఒకమ్మాయి మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి నిజం చెప్పింది. "పాటలు కావాలంటే ఇక్కడ బాగా నేర్పుతారు ఆంటీ. నేను సంతోషంగానే ఉన్నాను. హాళ్ళంటున్నారు కదా, అది ఇక్కడ ఎవరికీ తెలియదు."

రెండోది ప్రభుత్వ పాలిటెక్నిక్. సౌండు మీద రెండేళ్ళ డిప్లొమా. గేటు దగ్గర బోర్డులో సగం అక్షరాలు రాలిపోయాయి. ల్యాబులో గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకీ ఒక వైరు చుట్ట. ప్రతి వైరుకీ రెండు మూడు అతుకులు. వదిన ఒకటి తీసి, విప్పి, మళ్ళీ చుట్టి తగిలించింది. "వీళ్ళు వాడుతున్నార్రా," అంది నా చెవిలో.

అక్కడి మాస్టారు పొట్టి మనిషి. కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతోంది. జేబులో కొలతల టేపు.

"ఏం చదివారు?"

"పన్నెండో తరగతి, సైన్సు. పద్దెనిమిదేళ్ళయింది."

"లెక్కలు గుర్తున్నాయా?"

"లేవండి. మళ్ళీ నేర్చుకుంటాను."

"రికార్డు చేసినవి ఏమన్నా తెచ్చారా?"

"లేవు. ఇది తెచ్చాను." నోటుబుక్కు బల్ల మీద పెట్టింది.

మాస్టారు మొదటి పది పేజీలు గబగబా తిప్పాడు. తర్వాత నెమ్మదించాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకి. ఆయన పేజీ తిప్పినప్పుడల్లా వదిన నా చెయ్యి గిల్లుతోంది. సీటు వచ్చేసిందనుకున్నాను.

"ఈ హాళ్ళన్నీ కట్టిందెవరు?"

"ఎవరెవరోనండి. ఒక్కోటి ఒక్కరు."

"మరి అరవై ఒక్క మంది మేస్త్రీలూ కూడబలుక్కుని కుడివైపే పాడుచేశారంటారా?"

నోటుబుక్కు మా వైపు తిప్పాడు. మధ్యలో మార్కులున్నాయి, ఎడమవైపు అక్కడక్కడా ఉన్నాయి. కుడివైపు చివర మాత్రం ప్రతి హాల్లోనూ ఉన్నాయి. ప్రతి ఒక్క హాల్లోనూ. మూడేళ్ళుగా ఆ పుస్తకం మోస్తున్నాను, ఒక్కసారీ నా కంటబడలేదు.

మాస్టారు మమ్మల్ని వాళ్ళ ఆడిటోరియంకి తీసుకెళ్ళాడు. నన్ను స్టేజీ ఎక్కించి పేపరు చదవమన్నాడు. వదినని కుడి చివర కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఎలా ఉంది?"

"మాట మొద్దుబారింది. ఇక్కడ మార్కు పెట్టాలి."

"పెట్టకండి. కుర్చీ వెనక్కి తిప్పి, స్టేజీకి వీపు పెట్టి కూర్చోండి."

వదిన తిప్పి కూర్చుంది. చదవడం ఆపద్దని మాస్టారు నాకు చెయ్యి ఊపాడు. నేను చదువుతూనే ఉన్నాను. వదిన లేచి కుర్చీని మామూలుగా తిప్పి కూర్చుంది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. అలా నాలుగుసార్లు చేసింది. అదే కుర్చీ, అదే గొంతు. స్టేజీ ఎడమచెవి పక్కకి వస్తే మాట మొద్దు, కుడిచెవి పక్కకి వస్తే మాట శుభ్రం.

చేతిలోని సుద్దముక్కని పర్సులో వేసేసుకుంది.

"ఎడమ చెవి ఎప్పుడైనా చూపించుకున్నారా అమ్మా?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"లేదండి."

"మిగతా మార్కులు చూశాను. మా పిల్లలు చప్పుడు కొలిచే మీటరుతో పట్టుకునేవి మీరు సుద్దముక్కతో పట్టుకున్నారు. హాలు ఎక్కడ చెడిందో మీకు తెలుసు, ఎందుకు చెడిందో తెలియదు. ఆ ఎందుకే ఇక్కడ రెండేళ్ళ చదువు. ముందు చెవి పరీక్ష చేయించుకోండి. శుక్రవారం ఆఖరు తేదీ."

నేను ఊరుకోలేకపోయాను. "చెవి బాగా లేకపోతే సీటివ్వరా?"

"చెవి బాగా లేదని తెలియనివాళ్ళకి ఇవ్వను," అన్నాడు.

లేస్తూ ఒక పాత రిజిస్టరు తీసి, పదేళ్ళుగా అక్కడ చదివినవాళ్ళ ఫోన్ నంబర్లున్న పేజీలు రెండు మాకు ఫొటో తీసుకోనిచ్చాడు. "ఎవరికైనా చెయ్యండి. నేను చెప్పానని చెప్పకండి, నిజం చెప్పరు."

*

చెవి పరీక్షలో రెండు గీతలొచ్చాయి. కుడిచెవి గీత బల్లపరుపుగా ఉంది. ఎడమచెవి గీత చివర్లో మెట్లు దిగినట్టు దిగిపోయింది. సన్నటి చప్పుళ్ళు, మాటల చివర్లు, అవి ఆ చెవికి అందడం లేదు.

"పెద్ద చప్పుళ్ళ దగ్గర పని చేస్తారా?" అంది డాక్టరు.

"స్పీకరు పక్కన. పదమూడేళ్ళు."

"ఏ పక్కన?"

వదిన ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

పోయింది తిరిగి రాదని, ఉన్నది మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పింది. వ్యాను సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వదిన అంది: "కుడివైపు వినబడటం లేదని ప్రతి హాల్లోనూ ఆ స్పీకరు పెంచుతూ వచ్చాను. ఆ పక్క కూర్చున్నవాళ్ళ గతేంటి?"

"చెవులు మూసుకునేవాళ్ళు. నేను చూశాను."

"చూసి, చెప్పలేదేం?"

"నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా."

అది నిజం. సౌండు సంగతి వదినకి ఎవరైనా చెబుతారా? కుర్చీల మేస్త్రీ చెప్పాడు, నమ్మలేదు కూడా.

ఇంట్లో చెబితే అన్నయ్య మంచం అంచున కూర్చుండిపోయాడు. అమ్మ మాత్రం, "అదా సంగతి! వంటింట్లోంచి పిలిస్తే పలకదు, పొగరనుకున్నా ఇన్నాళ్ళూ," అంది.

"అది పొగరే అత్తయ్యా. చెవి మీదికి తొయ్యకండి," అంది వదిన. ఆ రోజంతట్లో నవ్వింది ఆ ఒక్కసారే.

మర్నాడు ఒక పెళ్ళి వాళ్ళకి సెట్టు పెట్టడానికి వెళ్ళాం. వదిన రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేల మీద మార్కులు లేకుండా మా సెట్టు నడిచింది. నోటుబుక్కు బీరువా మీద, సూట్‌కేసు కిందకి చేరింది. అకాడెమీ అబ్బాయి పూటకోసారి ఫోన్ చేసి, ఫీజు తగ్గిస్తామంటున్నాడు. విచిత్రమేంటంటే, ఈసారి చేరమని పోరుపెట్టింది అన్నయ్యే.

"అక్కడ చెవి ఊసే ఎత్తరు. ఏడాదిలో అయిపోతుంది. అక్కడ చేరిపోవే."

"చెవి సంగతి అడగనిచోట చేరితే నన్ను నేను అడగడం కూడా మానేస్తా. ఇన్నాళ్ళూ జరిగిందదేగా?"

"మరేం చేద్దామని?"

"తెలియదు. కాసేపు నన్నొదిలెయ్యండి."

ఎవరు వదిలేస్తారు? బుధవారం పొద్దున నేనే రిజిస్టరు పేజీల ఫొటో తీసి, మొదటి నంబరుకి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి వదిన ముందు బల్ల మీద పెట్టాను. ఎత్తినాయన జిరాక్సు షాపు నడుపుతున్నాడు.

"ఉద్యోగం దొరకలేదా అండీ?" అంది వదిన, ఇక మాట్లాడక తప్పక.

"రెండేళ్ళు స్టూడియోల చుట్టూ తిరిగానమ్మా. లోపల ఒక మనిషి చాలు, బయట వంద మంది. హాళ్ళ పని ఉంది రమ్మంటే నామోషీ అనుకున్నా. ఇప్పుడు పిల్లల రికార్డు షీట్లకి జిరాక్సులు తీస్తున్నా. మా మాస్టారు ఇంకా ఉన్నారా? తిడతారు, మంచాయన."

రెండో నంబరు ఒకావిడ. పెద్ద ఆస్పత్రిలో పని, పిలిచే పేర్లు అన్ని అంతస్తుల్లోనూ రోగులకి వినబడేట్టు చూడటం. జీతం గొప్పగా లేదంది, సెలవులు మాత్రం ఇస్తారంది. మూడో నంబరాయన మీటింగు గదులు, కోర్టు హాళ్ళు, క్లాసు రూములు చేసే కంపెనీలో ఉన్నాడు. వదిన ఇక సుత్తి లేకుండా అడిగేసింది.

"నా ఎడమ చెవి కొంచెం పోయింది. ఈ పనికి పనికొస్తానా?"

"ఎంత పోయిందో తెలుసా?"

"గీత ఉంది నా దగ్గర."

"అయితే పర్వాలేదండీ. పాటలు మిక్స్ చెయ్యాలంటే కష్టమే, ఉన్నమాట చెబుతున్నా. మా పనిలో ముందు మీటరు, తర్వాతే చెవి. అసలు మాకు దొరకనిది చెవులు కాదు, మీటరు పట్టుకుని హాలంతా వరస వరసకీ నడిచే మనిషి. కొత్తగా వచ్చినవాళ్ళంతా మధ్యలో నిలబడి 'ఓకే' అనేస్తారు. మీరు నడుస్తారా?"

వదిన ఫోను వైపు చూసింది. నా వైపు చూసింది. "అదొక్కటే వచ్చు నాకు," అంది.

సూట్‌కేసు కిందనుంచి నోటుబుక్కు దిగింది.

గురువారం మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో టంకం పొగ. అన్నయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కొత్త వైరుకి కొసలు అతుకుతున్నాడు. చుట్ట ఆయన మోకాలంత ఎత్తుంది. నలభై మీటర్లట. ఎంత పెద్ద హాలైనా మిక్సరు టేబులు సరిగ్గా మధ్యలో వెయ్యొచ్చు. క్షమించమని అడిగే రకం కాదు మా అన్నయ్య. అతికి, లాగి చూసి, మళ్ళీ అతికాడు. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోందని తెలిసినా తల ఎత్తలేదు.

"టిఫిన్ బాక్సులు ఏ అరలో ఉంటాయి?" అన్నాడు, వైరుతోనే మాట్లాడుతున్నట్టు.

"పై అరలో. మూతలు కింది అరలో," అంది వదిన.

"వేరువేరుగా ఎందుకు పెట్టావ్?"

"మీరు ఎప్పుడో ఒకప్పుడు వెతుక్కోవాలని."

శుక్రవారం మాస్టారి బల్ల మీద చెవి గీతల కాగితం పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, దాన్ని నోటుబుక్కు మొదటి పేజీలో గుండుసూదితో గుచ్చాడు. "ఇది లేకుండా ఈ పుస్తకం ఇంకెవరికీ చూపించకండి. ఇది ఉంటే ఎవరికైనా చూపించండి," అన్నాడు. ఫీజు కట్టి వదిన చేరే ఫారం తీసుకుంది. గుమాస్తా, "విద్యార్థి సంతకం ఇక్కడ, తల్లి సంతకం కింద," అన్నాడు అలవాటుగా. వదిన రెండు చోట్లా తనే పెట్టేసింది. ఆయన మళ్ళీ ఇంకో ఫారం ఇవ్వాల్సొచ్చింది.

ఆదివారం సాయంత్రం వదిన పుస్తకాలకి అట్టలు వేస్తోంది. పిల్లవి వేసి, తర్వాత తనవి. పిల్ల తల్లి లెక్కల పుస్తకం తిరగేసి, "అమ్మా, నీకిది రాదు," అని తేల్చేసింది. నేను గుమ్మంలో బండి తాళం తిప్పుకుంటూ, ఎక్కడికో తెలియదు గానీ ఎక్కడికో ఒక చోటికి బయల్దేరబోతున్నాను. వదిన పిలిచింది. నోటుబుక్కు, కొత్త సుద్దముక్కల డబ్బా నా చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి మధ్యాహ్నం దాకా నాకు క్లాసు. నువ్వు ఖాళీయేగా. అరవై ఒక్క హాళ్ళూ మళ్ళీ నడవాలి, నా చెవితో కాదు. కుడివైపు నేను పెట్టిన ప్రతి మార్కు దగ్గరా నిలబడి విను. అది హాలు తప్పా, నా తప్పా, పక్కన రాయి. నా మార్కులు చెరపకు. పేపరు చదవడానికి ఏ వాచ్‌మన్ని అడిగినా చదువుతాడు, నా పేరు చెప్పు. మొదట ఆ కంపెనీ మీటింగు హాలుకి వెళ్ళు, కుర్చీల మేస్త్రీకి నేను సారీ చెప్పానని చెప్పు. ఎలాగూ నువ్వు కూర్చోలేవు. నడువు నాయనా, నా కోసం నడువు. కానీ ముందు చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్లు తియ్యి."